భోజనం బల్ల కోసం పుట్టిన క్లబ్బు

ఏడాదికోసారి మా ఆఫీసులో ఒక మెయిలొస్తుంది. "వచ్చే శనివారం సీఎస్సార్ డే. చెరువు గట్టు మీద మొక్కలు నాటుదాం. టీషర్టు సైజు రిప్లై ఇవ్వండి" అని. వెళ్తాం, నాటుతాం, ఫోటోలు దిగుతాం, బిర్యానీ తిని వచ్చేస్తాం. ఆ మొక్కలకి తర్వాత నీళ్ళెవరు పోస్తారో నాకైతే తెలీదు. నేనూ టీషర్టు పుచ్చుకున్నవాణ్ణే కాబట్టి వెక్కిరించే హక్కు పెద్దగా లేదు లెండి.

కాకపోతే కిందటిసారి బస్సెక్కుతుంటే, రాత్రి షిఫ్టు ముగించుకుని ఇంటికెళ్తున్న హౌస్‌కీపింగ్ ఆవిడ ఎదురయ్యింది. రోజూ చూసే మనిషే. ఆవిడ మెళ్ళో ఐడీ కార్డు తాడు రంగు వేరు, మా తాళ్ళ రంగు వేరు. అంటే ఆవిడ మా కంపెనీ మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి. మేం ఎన్ని మొక్కలు నాటామో రిపోర్టులో ఉంటుంది, ఆవిడ జీతమెంతో ఉండదు.

బస్సులో కూర్చున్నాక నాకు సెల్టిక్ కథ గుర్తొచ్చింది. సెల్టిక్ అంటే స్కాట్లాండులో గ్లాస్గో నగరపు ఫుట్‌బాల్ క్లబ్బు. మనలో ఫుట్‌బాల్ చూసేవాళ్ళు కూడా ఎక్కువగా మాంచెస్టరు, లివర్‌పూలు, బార్సిలోనా దగ్గరే ఆగిపోతారు గానీ, "ఒక వ్యాపార సంస్థకి సమాజం పట్ల బాధ్యత ఉంటుందా" అన్న ప్రశ్నకి ఈ క్లబ్బు చరిత్రంత మంచి పాఠ్యపుస్తకం నాకింకోటి కనబళ్ళేదు.

కథ ఐర్లండులో మొదలవుతుంది. 1840లో స్లైగో కౌంటీ, బాలీమోట్ అనే ఊళ్ళో ఆండ్రూ కెరిన్స్ అనే కుర్రాడు పుట్టాడు. వాడికి ఐదేళ్ళొచ్చేసరికి బంగాళాదుంప పంటకి తెగులొచ్చింది. ఆ కరువులో సుమారు పది లక్షలమంది చచ్చిపోయారు, అంతకంటే ఎక్కువమంది ఓడలెక్కి దేశం వదిలేశారు. కెరిన్స్ కూడా కుర్రతనంలోనే గ్లాస్గో చేరాడు. తర్వాత మారిస్ట్ బ్రదర్స్ అనే కాథలిక్ బోధకుల సంఘంలో చేరి బ్రదర్ వాల్ఫ్రిడ్ అయ్యాడు. నగరం తూర్పు వైపు, బ్రిడ్జ్‌టన్ పేటలో ఒక బడికి హెడ్మాష్టరయ్యాడు.

ఆ తూర్పు గ్లాస్గో అంటే ఐరిష్ వలస కూలీల పేట. ఒకే గదిలో రెండు మూడు కుటుంబాలు, నేత మిల్లులు, ఇనుప ఫౌండ్రీలు, పని లేకపోతే పస్తు. పిల్లలు బడికి ఖాళీ కడుపుతో వచ్చేవాళ్ళు, కొందరు అసలు వచ్చేవాళ్ళే కాదు. వాల్ఫ్రిడ్ చేసిన పనేంటంటే, బళ్ళో "పేద పిల్లల భోజనం బల్ల" పెట్టాడు. ఒక్క పెన్నీ ఇస్తే వేడివేడి భోజనం. మన మధ్యాహ్న భోజన పథకం లాంటిదే, కాకపోతే ప్రభుత్వం ఇచ్చే బియ్యం లేదు, చందాలతో నడవాలి.

ఇందులో మానవత్వం ఒక్కటే లేదు, అదీ చెప్పుకోవాలి. ప్రొటెస్టెంటు సంస్థలు కూడా ఆ పేటల్లో గంజి కేంద్రాలు పెట్టాయి. అక్కడికెళ్ళి తింటే మన పిల్లలు మతం మారిపోతారేమో అన్న భయం కాథలిక్కులకి ఉండేది. అన్నం పెట్టే చోట మతం గొడవ మనకి కొత్తేం కాదు కదా. ఉద్దేశం ఏదైతేనేం, పిల్లల కడుపు నిండింది.

చందాలు చాలలేదు. 1887 ఫిబ్రవరిలో ఎడిన్‌బరో నగరపు ఐరిష్ వాళ్ళ క్లబ్బు హిబర్నియన్ స్కాటిష్ కప్పు గెలిచింది. గెలిచిన జట్టుకి గ్లాస్గో ఐరిష్ వాళ్ళు తమ చర్చి హాల్లో విందు చేశారు. ఫుట్‌బాల్ చూడ్డానికి జనం డబ్బులిచ్చి మరీ వస్తున్నారు, మరి మనమే ఒక జట్టు పెట్టుకుంటే? అదే ఏడాది నవంబరు 6న సెయింట్ మేరీస్ చర్చి హాల్లో సెల్టిక్ పుట్టింది. 1888 జనవరిలో పంచిన కరపత్రంలో క్లబ్బు ముఖ్యోద్దేశం స్పష్టంగా రాశారు: తూర్పు పేటలోని మూడు చర్చిల పరిధిలో పిల్లల భోజనం బల్లలు నడవడానికి కావలసిన డబ్బు సంపాదించడం. కప్పులూ ట్రోఫీలూ కాదు, భోజనం. మన దేశంలో 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకి ఖర్చు పెట్టాలి. సెల్టిక్‌కి పుట్టుకలో ఆ లెక్కే లేదు. సంపాదన మొత్తం దాని కోసమే.

పార్క్‌హెడ్‌లో ఒక స్మశానం పక్కన కౌలుకి తీసుకున్న నేలని కూలీలే ఖాళీ సమయంలో చదును చేసి మైదానం కట్టారు. సుమారు ఆరు నెలల్లో అయిపోయింది. 1888 మే 28న మొదటి మ్యాచ్, రేంజర్స్ పంపిన జట్టు మీద 5-2తో గెలుపు. మొదటి సీజన్లోనే 400 పౌండ్లకి పైగా ధర్మకార్యాలకి వెళ్ళింది. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు.

ఇక్కడిదాకా బావుంది. ఇప్పుడు కొంచెం చేదు.

గెలిస్తేనే జనం వస్తారు. మంచి ఆటగాళ్ళుంటేనే గెలుస్తాం. మరి మంచి ఆటగాళ్ళు ఎక్కడున్నారు? హిబర్నియన్‌లో! విందు చేసి ఆశీర్వదించి పంపిన ఆ క్లబ్బు నుంచే 1888లో సగం జట్టుని సెల్టిక్ లాగేసుకుంది. స్కాట్లాండులో అప్పటికి ఆటగాళ్ళకి డబ్బివ్వడం నిషిద్ధం, అందరూ పేరుకి అమెచ్యూర్లే. "సేవాభావంతోనే వచ్చాం" అన్నారు కాబోలు :) హిబర్నియన్ కూడా చర్చి ధర్మకార్యాలకి డబ్బిచ్చే క్లబ్బే. ఆ దెబ్బకి అది 1891 కల్లా మూతపడి, మళ్ళీ తెరుచుకోవడానికి ఏడాదికి పైగా పట్టింది. ఒక అన్నదానం క్లబ్బు ఇంకో అన్నదానం క్లబ్బుని దాదాపు మింగేసిందన్నమాట.

1892లో మైదానం యజమాని కౌలు 50 పౌండ్ల నుంచి 450కి పెంచేశాడు. మన టెక్ పార్కుల పక్కన ఇల్లు అద్దెకి తీసుకున్నవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. క్లబ్బు రోడ్డుకి అవతల ఇటుకల బట్టీ గోతులు పూడ్చి కొత్త మైదానం కట్టుకుంది. ఐరిష్ భూపోరాట నాయకుడు మైకేల్ డావిట్ వచ్చి ఐర్లండ్ నుంచి తెచ్చిన పచ్చగడ్డి పెళ్ళని స్వయంగా నాటాడు. దాన్నెవరో రాత్రికి రాత్రే పెళ్ళగించుకుపోయారట! అదే ఏడాది వాల్ఫ్రిడ్‌ని ఆయన సంఘం లండన్‌కి బదిలీ చేసింది. అక్కడా పేద పిల్లల కోసమే పనిచేశాడు. కానీ గ్లాస్గోలో "ఈ ఏడాది పిల్లలకెంత ఇస్తున్నారు" అని గట్టిగా అడిగే మనిషి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అంతా వరసగా జరిగిపోయింది. 1893లో స్కాట్లాండు ఫుట్‌బాల్ సంఘం ఆటగాళ్ళకి జీతాలివ్వడాన్ని చట్టబద్ధం చేసింది. భోజనం బల్లకి వెళ్ళే డబ్బు తగ్గుతూ వచ్చింది. 1897లో సెల్టిక్ లిమిటెడ్ కంపెనీ అయ్యింది. అదే ఏడాది ప్రపంచ సైకిల్ పోటీలు ఆ మైదానంలోనే పెట్టారు, దానికి ట్రాక్ కావాలి, పెట్టుబడి కావాలి, వాటాలు కావాలి. వాటాలున్నాక డివిడెండ్లుంటాయి. కమిటీలో ఉన్న వ్యాపారులు డైరెక్టర్లయ్యారు. క్లబ్బు అలాగే ఉండాలి, పిల్లలకోసమే ఉండాలి అని వాదించినవాళ్ళు లోపలే ఉన్నారు, ఓడిపోయారు. పుట్టిన పదేళ్ళకి పుట్టుక కారణం మాయం.

దీన్ని కుట్ర అననుగానీ, ఎవరూ దొంగలు కాకపోయినా ఇలా జరుగుతుందన్నదే నన్ను భయపెట్టే విషయం. ప్రతి అడుగుకీ సమర్థన ఉంది. మైదానం కావాలి కదా, ఆటగాళ్ళు కావాలి కదా, జీతాలివ్వకపోతే ఇంగ్లండు వెళ్ళిపోతారు కదా. మనం ప్రాజెక్టులో స్కోప్ నెమ్మదిగా మారిపోవడం చూస్తూ ఉంటాం. చివరి రిలీజు నాటికి మొదటి డాక్యుమెంటులో రాసిందేంటో ఎవరికీ గుర్తుండదు.

సెల్టిక్ ఒక్కటే ఇలా పుట్టలేదు. మాంచెస్టర్ సిటీ కూడా 1880లో వెస్ట్ గోర్టన్ పేట చర్చి జట్టుగా మొదలయ్యింది. పాస్టరు గారమ్మాయి ఆనా కానెల్, తాగుడూ ముఠా తగాదాల్లో మునిగిన కుర్రాళ్ళకీ మగాళ్ళకీ ఒక వ్యాపకం కల్పించాలని మొదలెట్టిన పనిలోంచి వచ్చింది. 2008 నుంచి అది అబూధాబీ రాజకుటుంబీకుల సొత్తు. ఎవర్టన్ మెథడిస్టు చర్చి జట్టు. ఇలా తవ్వితే చాలా క్లబ్బుల పునాదుల్లో ఒక చర్చి, ఒక పేద పేట కనిపిస్తాయి.

తర్వాత ఎనభై ఏళ్ళకి పైగా ఈ బాధ్యత మాటని నేను దాటేస్తాను. క్లబ్బులు స్థానికంగా అడపాదడపా సాయాలు చేస్తూనే ఉన్నాయి, అంతకంటే పెద్దగా ఏమీ లేదు. "బాధ్యత" ఒక డిపార్ట్‌మెంటుగా తిరిగొచ్చింది 1986లో. ఎందుకప్పుడు? 1985 మేలో బ్రాడ్‌ఫర్డ్ స్టేడియంలో చెక్క స్టాండు తగలబడి 56 మంది చనిపోయారు. అదే నెలాఖర్లో బ్రసెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో 39 మంది. ఇంగ్లీషు క్లబ్బులని యూరప్ పోటీల నుంచి వెలేశారు. స్టేడియాలు ఖాళీ. ఫుట్‌బాల్ అంటే రౌడీల ఆట అన్న పేరు. అప్పుడు ఆటగాళ్ళ యూనియన్ చొరవతో వాయవ్య ఇంగ్లండులో ఆరు క్లబ్బుల్లో "ఫుట్‌బాల్ ఇన్ ద కమ్యూనిటీ" మొదలయ్యింది. నిరుద్యోగులకి పని చూపించే ప్రభుత్వ పథకం డబ్బుతో. ఇప్పుడు ఇంగ్లండులో ప్రతి పెద్ద క్లబ్బుకీ ఉన్న ఫౌండేషన్లకి అదే మూలం. వాటిల్లో నిజంగా గొప్ప పని జరుగుతోంది, కాదన్ను. కానీ పుట్టుక చూడండి: 1887లో పిల్లలకి అన్నం పెట్టడానికి క్లబ్బు కావాల్సొచ్చింది, 1986లో క్లబ్బుకి పరువు నిలబడ్డానికి పిల్లలు కావాల్సొచ్చారు.

సెల్టిక్ విషయానికొస్తే, 1994 మార్చిలో అది దివాలా అంచుకెళ్ళింది. ఫెర్గస్ మెకాన్ అనే ఆయన కెనడా నుంచి వచ్చి ఆఖరి గడియలో కాపాడాడు. అభిమానులకి వాటాలమ్మి స్టేడియం కట్టాడు. 1995లో సెల్టిక్ చారిటీ ఫండ్ పెట్టాడు, వ్యవస్థాపకుల ఆశయం గుర్తుచేస్తూ. 2005లో స్టేడియం బయట వాల్ఫ్రిడ్ విగ్రహం వెలిసింది. విగ్రహాలు పెట్టడంలో మనం ఎవరికీ తీసిపోం కాబట్టి దాని గురించి ఎక్కువ మాట్లాడను.

అసలు పరీక్ష 2013లో వచ్చింది. యూకేలో అప్పటి కనీస వేతనం గంటకి 6.31 పౌండ్లు. కుటుంబం గౌరవంగా బతకడానికి ఇంత కావాలి అని ఒక స్వచ్ఛంద ఉద్యమం లెక్కగట్టిన "లివింగ్ వేజ్" లండన్ బయట 7.65 పౌండ్లు. తేడా గంటకి 1.34. సెల్టిక్‌లో వాటాలున్న అభిమానుల సంఘం, సెల్టిక్ ట్రస్ట్, వార్షిక సమావేశంలో ఒక తీర్మానం పెట్టింది. క్లబ్బులో పనిచేసే అందరికీ, వంటవాళ్ళకీ ఊడ్చేవాళ్ళకీ కూడా, లివింగ్ వేజ్ ఇవ్వాలని. పేద పిల్లల అన్నం కోసం పుట్టిన క్లబ్బు కదా, ఆ పిల్లల అమ్మానాన్నలకి సరైన కూలివ్వడం కంటే పెద్ద దానం ఏముంది?

బోర్డు వ్యతిరేకించింది. తీర్మానం వీగిపోయింది. ఫౌండేషను మాత్రం ఎప్పట్లాగే చందాలు వసూలు చేసి పేదలకి ఖర్చు పెడుతూనే ఉంది.

మన వాళ్ళకి నచ్చే భాగం ఇప్పుడు. అదే సమయంలో ఎడిన్‌బరోలో హార్ట్స్ అనే క్లబ్బు మునిగిపోయింది. లిథువేనియా యజమాని అప్పుల్లో ముంచేస్తే 2013 జూన్‌లో కోర్టు నియమించిన నిర్వాహకుల చేతికి పోయింది. పదిహేను పాయింట్లు కోత, కింది డివిజనుకి పతనం. 2014లో దాన్ని చేతిలోకి తీసుకున్నది ఆన్ బడ్జ్. ఎవరీవిడ అంటే, మన బాపతే! 1985లో ఇంకొకావిడతో కలిసి న్యూవెల్ అండ్ బడ్జ్ అనే ఐటీ కంపెనీ పెట్టి, పెంచి, 2005లో ఫ్రెంచి కంపెనీ సోప్రాకి అమ్మి రిటైరైన మనిషి. ఫుట్‌బాల్ వ్యాపారం ఆవిడకి కొత్త. దివాలా నుంచి బయటపడి ఆర్నెల్లు కూడా కాకముందే, 2014 నవంబరులో, రెండో డివిజన్లో ఆడుతున్న ఆ క్లబ్బు స్కాట్లాండులో మొట్టమొదటి లివింగ్ వేజ్ గుర్తింపు పొందిన ఫుట్‌బాల్ క్లబ్బయ్యింది. డబ్బున్న క్లబ్బుకి వీల్లేనిది డబ్బులేని క్లబ్బుకి ఎలా వీలయ్యింది అని నన్నడక్కండి. నాకనిపించేదేంటంటే, ఆవిడకి అది దానం పద్దు కాదు, జీతాల పద్దు. ఐటీ సర్వీసుల కంపెనీ నడిపినావిడకి జీతాల పద్దే కంపెనీ అని తెలిసుంటుంది.

హార్ట్స్ ఆ సీజన్లో డివిజను గెలిచి పైకొచ్చింది. నెలనెలా చందా కట్టిన వేలమంది అభిమానులకి 2021లో ఆవిడ క్లబ్బుని అప్పగించేసింది. సెల్టిక్ కూడా 2015లో దిగొచ్చి తన పర్మనెంట్ ఉద్యోగులకి లివింగ్ వేజ్‌తో సమానంగా ఇస్తానంది. "పర్మనెంట్" అన్న మాట గమనించారా? మ్యాచ్ రోజు మాత్రమే వచ్చి పనిచేసేవాళ్ళు ఆ వాగ్దానంలోకి రాలేదు. తాడు రంగు వేరన్నమాట.

పర్యావరణం సంగతి కూడా ఇలాగే ఉంటుంది. ఇంగ్లండులో నెయిల్స్‌వర్త్ అనే చిన్న ఊళ్ళో ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్ అని 1889 నాటి క్లబ్బుంది. 2010లో గాలిమరల కరెంటు కంపెనీ యజమాని డేల్ విన్స్ దాన్ని తీసుకున్నాడు. స్టాండు మీద సోలార్ పలకలు, పురుగుమందుల్లేని గడ్డి, 2015 నుంచి ఆటగాళ్ళకీ ప్రేక్షకులకీ మొత్తం శాకాహారం, పాలు కూడా లేకుండా. 2018లో ఐక్యరాజ్యసమితి దాన్ని కార్బన్ న్యూట్రల్ క్లబ్బుగా గుర్తించింది. మ్యాచుకి మాంసం పై తినే ఇంగ్లీషువాడి చేత శాకాహారం పై తినిపించాడంటే సామాన్యుడు కాదు. అయినా జహా హదీద్ సంస్థ డిజైన్ చేసిన ఐదువేల సీట్ల చెక్క స్టేడియం కడతానంటే 2019 జూన్‌లో స్థానిక కౌన్సిలు కాదు పొమ్మంది. మోటార్‌వే పక్కన పచ్చటి పొలాల్లో కడితే అందరూ కార్లేసుకొస్తారు కదా అని గొడవ. అదే ఏడాది డిసెంబరులో, ప్లాను సవరించాక, ఒప్పుకుంది. క్లబ్బు 2022లో మూడో డివిజనుకి ఎక్కి, 2023లో ఒకటి, 2024లో ఇంకోటి దిగి లీగు నుంచే బయటికొచ్చింది. దీనికి శాకాహారాన్ని తిట్టినవాళ్ళున్నారు. మరి ఎక్కినప్పుడు తిన్నదేంటి?

పెద్ద క్లబ్బులు ఏం చేశాయంటే, 2021 సెప్టెంబరులో టాటెన్‌హామ్, చెల్సీ కలిసి "నెట్ జీరో" మ్యాచ్ అని ఆడాయి. సైకిళ్ళ మీద రండి, మాంసం తగ్గించండి అని అభిమానులకి చెప్పారు. మరుసటి నెల్లోనే మాంచెస్టర్ యునైటెడ్ జట్టు లెస్టర్‌కి విమానంలో వెళ్ళింది. దూరం సుమారు వంద మైళ్ళు, అంటే మనకి హైదరాబాదు నుంచి వరంగల్ కంటే కొంచెం ఎక్కువ! రోడ్డు మీద ట్రాఫిక్ ఉంది అన్నారు. 2023 మొదట్లో బీబీసీ లెక్కేస్తే, వంద ప్రీమియర్ లీగ్ మ్యాచులకి జట్లు దేశం లోపలే 81 విమాన ప్రయాణాలు చేశాయి. అభిమానికి సైకిలు, ఆటగాడికి విమానం. ఇక్కడా తమ సొంత పద్దు దగ్గరికొచ్చేసరికి చెయ్యి వెనక్కెళ్తుంది.

2020 ఏప్రిల్లో ఇంకా మొహమాటం లేకుండా బయటపడింది. కరోనాతో ఆటలాగిపోయాయి. అంతకుముందు ఏడాది 4 కోట్ల 20 లక్షల పౌండ్ల లాభం చూపించిన లివర్‌పూల్, ఆటగాళ్ళు కాని సిబ్బందిలో సుమారు రెండువందలమంది జీతాలని ప్రభుత్వ సాయం పథకం మీద వేస్తానని ప్రకటించింది. సొంత అభిమానులే విరుచుకుపడ్డారు. రెండ్రోజుల్లో క్షమాపణ చెప్పి వెనక్కి తీసుకుంది. లివర్‌పూల్, ఎవర్టన్ అభిమానులు కలిసి 2015 నుంచి స్టేడియాల బయట ఫుడ్ బ్యాంకుల కోసం డబ్బాలూ పప్పులూ పోగుచేస్తున్నారు. అలాంటి ఊళ్ళో ఈ పని చేస్తే ఊరుకుంటారా.

అదే వేసవిలో, వాల్ఫ్రిడ్ భోజనం బల్ల దాదాపు అదే రూపంలో తిరిగొచ్చింది. బళ్ళు మూసేస్తే పేద పిల్లలకి మధ్యాహ్న భోజనం ఎలా? మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు మార్కస్ రాష్‌ఫర్డ్, 22 ఏళ్ళ కుర్రాడు, చిన్నప్పుడు ఆ ఉచిత భోజనం తిన్నవాడే, ఎంపీలందరికీ బహిరంగ లేఖ రాశాడు. ప్రభుత్వం మొదట కాదంది, మర్నాడే ఒప్పుకుంది. ఇంగ్లండులో సుమారు 13 లక్షలమంది పిల్లలకి వేసవి సెలవుల్లో భోజనం కూపన్లు వచ్చాయి. చేసింది క్లబ్బు కాదు, ఆటగాడు. ప్రపంచంలోకెల్లా ధనిక లీగున్న దేశంలో, 2020లో, పిల్లల భోజనం గురించి అడగాల్సొచ్చింది అంటే 1887 నుంచి ఎంత దూరం వచ్చామో మీరే లెక్కేసుకోండి.

అన్నట్టు, బస్సు దిగాక నేను ఊరికే ఉండలేక మా సీఎస్సార్ కమిటీకి మెయిలు కొట్టాను. హౌస్‌కీపింగ్ వాళ్ళకి కాంట్రాక్టరు ఎంతిస్తున్నాడో మనం ఎప్పుడైనా అడిగామా అని. "మంచి ప్రశ్న, కానీ అది మా పరిధిలోది కాదు, ఫెసిలిటీస్ టీముని అడగండి" అని మర్యాదగానే జవాబొచ్చింది. ఫెసిలిటీస్ వాళ్ళకి ఫార్వర్డ్ చేసి మూడు వారాలయ్యింది.